రెండు ఎడమ చేతుల కోటు

మందు కడుపులో పడితే ఒక్కొక్కడు ఒక్కో రకం. ఒకడు పెళ్లాన్ని తిడతాడు, ఒకడు ప్రభుత్వాన్ని తిడతాడు, ఇంకొకడు ఎప్పుడో పోయిన పెదనాన్నని తలచుకుని భోరుమంటాడు. మా టైలరు మాస్టరు మాత్రం వీళ్లెవరిలోనూ కలవడు. ఆయన తాగితే థాంక్స్ చెప్పేవాడు.

నవ్వకండి, నిజం. సాయంత్రం రెండు గుక్కలు లోపలికి వెళ్లాయంటే చాలు, వీధి వీధంతా ఆయనకి దేవుళ్లే. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడి రెండు చేతులూ పట్టుకుని, "నా చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా నీ ఋణం తీరదు తండ్రీ" అనేవాడు. పక్క కొట్టు ఇస్త్రీ బాబాయిని వాటేసుకుని "నువ్వు మనిషివి కాదు" అనేవాడు. పాపం ఆయన బిక్కచచ్చి చూస్తుంటే, కాసేపాగి "దేవుడివి" అని పూర్తిచేసేవాడు. ఒకసారి కొట్టు ముందున్న దీపస్తంభానికి కూడా చెప్పాడు. అది మాత్రం న్యాయమే, ఆయన్ని కింద పడకుండా పట్టుకున్నది ఆ స్తంభమే కదా.

తెల్లారితే ఆ మనిషే వేరు. ఆముదం తాగిన మొహం. పలకరిస్తే కరుస్తాడు. భార్య టీ తెచ్చి పెడితే గ్లాసు వంక చూసేవాడే గాని తెచ్చిన మనిషి వంక చూసేవాడు కాదు. దాంతో మా వీధివాళ్లకి ఒక గుర్తు కుదిరిపోయింది. మాస్టరు మొహం మాడ్చుకుని ఉన్నాడంటే క్షేమం. మంచిమాట మాట్లాడాడంటే, పడింది. ఈ గుర్తే తర్వాత ఆయన కొంప ముంచబోయింది. ఆ ముచ్చటే ఇప్పుడు చెబుతున్నది.

ముందు కోటు సంగతి చెప్పాలి. మా వీధి చివర పళ్ల డాక్టరు ఉంటాడు. వాళ్ల నాన్న ఎప్పుడో ముచ్చటపడి బూడిదరంగు ఉన్ని గుడ్డ కొని, మంచిరోజు కోసం దాచుకుని దాచుకుని, కుట్టించుకోకుండానే కన్నుమూశాడు. ఆ గుడ్డ తెచ్చి డాక్టరు మాస్టరు చేతిలో పెట్టాడు. మాస్టరు ఆ రోజు మధ్యాహ్నమే మందు మొదలెట్టాడు మరి. కోటు చేతులు కత్తిరించాలంటే గుడ్డని మడతేసి రెండు పొరలూ కలిపి కత్తిరించాలి. అప్పుడే ఒకటి కుడి, ఒకటి ఎడమ వస్తాయి. పనికి కొత్తగా చేరినవాడికి చెప్పే మొదటి పాఠం ఇదే. మాస్టరు ఒంటి పొర మీద అచ్చు పెట్టి ఒక చెయ్యి కత్తిరించాడు. అదే అచ్చు, అదే వైపు, మళ్లీ పెట్టి ఇంకొకటి కత్తిరించాడు. రెండూ ఎడమ చేతులే. తిరగేసి కుడదామంటే ఆ గుడ్డకి లోపలివైపు పోగులన్నీ బయటపడి ఉన్నాయి. ఇంకో చేతికి సరిపడే ముక్క మిగల్లేదు.

డాక్టరు వచ్చాడు, చూశాడు, ఒక్క మాట అనలేదు. ముక్కలన్నీ ఒక్కొక్కటే మడతపెట్టి, సంచిలో సర్దుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగీ దిగకముందే మాస్టరు భార్య మిషన్ దగ్గర్నించి లేచింది. కొట్లో కాజాలూ, చేతికుట్టూ, వచ్చేపోయేవాళ్లతో మాటా మంచీ, అన్నీ ఆవిడే. బల్ల మీద పెద్ద కత్తెర ఉంది, మాస్టరుకి పని నేర్పిన గురువు పోతూ పోతూ ఇచ్చిన కత్తెర. ఆవిడ దాన్ని తీసి ఇనప్పెట్టెలో పడేసి, తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది.

"మళ్లీ ఎప్పుడిస్తావే?" అన్నాడు మాస్టరు.

"అడిగితే ఇవ్వను" అంది ఆవిడ. "అడగడం మానేశాక చూద్దాం."

కత్తెర లేని కటింగ్ మాస్టరంటే ఏం చెప్పమంటారు! పై బజారు నుంచి వేరే మాస్టరు వచ్చి, ఈయన బల్ల దగ్గరే నిలబడి, వేరే కత్తెరతో గుడ్డలు కత్తిరించి పోయేవాడు. ఈయన మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టేవాడు, ప్యాంట్ల అంచులు మడిచేవాడు. ఆ వచ్చినవాడు ఊరికే పోడు. "ఆ కాలరు దగ్గర కాస్త జాగ్రత్తండీ" అని ఒక సలహా పారేసి పోతాడు. మాస్టరుకి అరికాలి మంట నెత్తికెక్కేది. కాని ఏమనగలడు? రెండు ఎడమ చేతులు కత్తిరించినవాడు నోరెత్తగలడా?

ఆ మంటలోనే మందు మానేశాడు. మానడానికి పడ్డ అగచాట్లు చెబితే అదో పెద్ద భారతం, అది వదిలేద్దాం. ఒక్కటి చెప్పాలి. బస్సు డిపో వెనక ఒక గదిలో, మందు మానాలనుకునే ఆయనలాంటివాళ్లే సాయంత్రాలు చేరి కూర్చుంటారు. అక్కడికి వెళ్లడం మొదలెట్టాడు. వాళ్లకి పెద్దదిక్కు ఒక రిటైరైన డ్రైవరు. ఒకప్పుడు తాగి బస్సుని డిపో గోడలోంచి అవతలికి తీసుకెళ్లిన ఘనుడు. ఆ గోడకి వేసిన అతుకు ఇప్పటికీ గది కిటికీలోంచి కనిపిస్తుంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా దాన్ని చూపించి నవ్వుతాడు.

డ్రైవరన్న మాస్టరుకి ఒక పని పెట్టాడు. "తమ్ముడూ, మనమంతా అద్దం చూసుకోకుండా బండి నడిపినవాళ్లం. పక్కన ఎవరున్నారో, వెనక ఎవరున్నారో ఏనాడూ చూడలేదు. అందుకని రోజూ ఒక మనిషిని పట్టుకో. మొహంలోకి చూడు. థాంక్స్ చెప్పు. దేనికో కూడా చెప్పాలి. అన్నిటికీ అనకూడదు. అన్నిటికీ అంటే దేనికీ కాదని."

మాస్టరు కంగారుపడ్డాడు. "అన్నా, గోడ కట్టమను కడతా, బావి తవ్వమను తవ్వుతా. ఇదొక్కటీ నావల్ల కాదు. ఆ మాట నాకు మందుతోనే వచ్చేది. ఉత్త గొంతుతో ఎప్పుడూ అనలేదు."

"అందుకే అనమంటున్నా. మందు మన ఇంట్లోంచి ఎత్తుకుపోయిన సామాన్లలో అదొకటి. పో, వెనక్కి తెచ్చుకో."

"మరి ఇంట్లో ఆవిడకి?"

"మొదటి గేరులోనే కొండెక్కుతావా? అది చివర్లో. దానంతటదే వస్తుంది, నువ్వు తొందరపడకు."

మర్నాడు పొద్దున మాస్టరు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి వెళ్లేవాడిలా ఇస్త్రీ బాబాయి ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"బాబాయ్, మొన్న వానొచ్చినప్పుడు మేం బయట ఆరేసిన గుడ్డలు నువ్వే తీసి లోపల పెట్టావు. థాంక్స్."

బాబాయి మాస్టరు వంక చూశాడు. ఎండ వంక చూశాడు. ఇంకా నడినెత్తికైనా రాలేదు. మళ్లీ మాస్టరు వంక చూశాడు. చేతి కింద ఎవరిదో ప్యాంటు కమురు వాసన వేస్తున్నా ఇస్త్రీపెట్టె ఎత్తడం మర్చిపోయాడు. మాస్టరు అటు తిరగ్గానే ఇటు గోడ మీంచి తొంగిచూసి, "అమ్మాయ్! కొంప మునిగింది! పొద్దున్నే పట్టించాడు!" అని కేకేశాడు.

కొట్టు వెనకే ఉన్న మాస్టరు ఇంట్లో అత్తగారు ఉంది. ఆవిడకి చూపు తగ్గినకొద్దీ ముక్కుకి పదునెక్కింది. వీధి మలుపులో ఎవరింట్లో ఏం మాడిందో మంచం మీంచే చెప్పగలదు. అల్లుడు మందు మానాడన్నప్పటి నుంచి ఆ ముక్కుకి ఉద్యోగం దొరికింది. మర్యాదలో మాత్రం లోటుండదు.

"అల్లుడుగారూ, ఒక్కసారి ఇటు ఊపిరి వదలండి."

అల్లుడు వదిలాడు. ఆవిడ కళ్లు మూసుకుని తీర్పు చెప్పింది. "టీ. కొంచెం ఉల్లిపాయలాంటి వాసన. మందు తగల్లేదు."

"పొద్దున్నే ఉల్లిపాయేంటమ్మా?" అంది కూతురు.

"అదే నేనూ అంటున్నా. వాసన కప్పెయ్యడానికి కాకపోతే పొద్దున్నే ఎవరు తింటారు?"

ఉల్లిపాయ ముట్టలేదు మొర్రో అని మాస్టరు మొత్తుకున్నా వినేదెవరు? ఆ తర్వాత గుండీల కొట్టు అక్క వంతు వచ్చింది. "నీలం దారం రంగు కలవలేదని మీరే కనిపెట్టి, వేరేది వెతికి పంపించారు. లేకపోతే ఆ జాకెట్టు పాడయ్యేది. థాంక్సండీ" అన్నాడు. అక్క షట్టరు సగం కిందికి లాగి, ఆ సందులోంచి, "మాస్టరూ, ఇంటికెళ్లి పడుకోండి. రేపు మాట్లాడుకుందాం" అంది. మా వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా మాస్టరు మళ్లీ మొదలెట్టాడని ఇంటింటికీ తెలిసిపోయింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. మా మాస్టరు పాపం ఏ చెట్టు కిందా కూర్చోకుండానే ఆ మాట పడ్డాడు.

మానెయ్యొచ్చు కదా అంటారేమో. నిజమే. కాని విచిత్రం ఏమిటంటే, రోజూ ఒకరికి థాంక్స్ చెప్పాలంటే రోజంతా దేనికా అని వెతుక్కోవాలి. అలా వెతుకుతూ ఉంటే మనుషులు కనిపించడం మొదలెట్టారు. ఇస్త్రీ బాబాయి కాలర్లని లోపలివైపు నుంచి నొక్కుతాడనీ, అత్తగారు తన పళ్లెం ఎప్పుడూ తానే కడుక్కుంటుందనీ ఇన్నేళ్లకి చూశాడు. చూస్తున్నంతసేపూ మందు గుర్తుకు రావట్లేదు. అదీ అసలు లాభం.

ఒకటి మాత్రం చూసినా అర్థం కాలేదు. భార్య తరచుగా మిషన్ నూనె తెమ్మనేది.

"మళ్లీ నూనేంటే? మిషన్ తాగేస్తోందా?"

"ఈ ఇంట్లో తాగడం మానింది నువ్వొక్కడివే. మిషన్ మానలేదు. తెచ్చిపెట్టు."

అలా ఉండగా ఒకరోజు, తలుపు చాటు నుంచి తల్లీకూతుళ్ల మాటలు మాస్టరు చెవిన పడ్డాయి.

"కత్తెర ఇచ్చేద్దామనుకున్నానమ్మా. అడగడం కూడా మానేశాడు. కాని ఈ థాంక్సుల గోల మొదలయ్యాక గుండె దడదడలాడుతోంది. పూర్వం ఇలాగే ఉండేది కదా. వాసన రాకపోతే మాత్రం, నాకేం తెలుసు? ఒక్క నాలుగు రోజులు మామూలు మనిషిలా ఉంటే ఇచ్చేస్తాను."

మాస్టరు గుండె గంతులేసింది. ఓస్, ఇంతేనా! మామూలు మనిషిలా అంటే ఆముదం మొహమే కదా, అది చేతకానిదా? ఆ పూట నుంచే మొహం మాడ్చేశాడు. బాబాయి పలకరిస్తే "ఊఁ" అన్నాడు. గుండీల అక్కతో "ఆ డబ్బా ఇటు తొయ్యండి" అని కసిరాడు. వీధంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య, మాస్టరు బాగుపడ్డాడు" అనుకున్నారు. ఇదండీ మా వీధి తెలివి! డిపో గదికి వెళ్లినప్పుడు మాత్రం మాస్టరు డ్రైవరన్న కళ్లలోకి చూడలేకపోయాడు. ఒంట్లో నలత అని చెప్పి తొందరగా వచ్చేశాడు. మనుషులు మళ్లీ మసకబారుతున్నారు. సాయంత్రమైతే నాలుక పిడచకట్టుకుపోతోంది. కత్తెర చేతికొచ్చేదాకానే కదా అని పళ్లు బిగబట్టాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు పళ్ల డాక్టరు. చేతిలో అదే సంచి.

"మాస్టరుగారూ, దీన్ని అల్మారాలో చూసినప్పుడల్లా మనసు ఊరుకోవట్లేదు. పారేద్దామంటే చేతులు రావు, వేసుకుందామంటే రెండూ ఎడమవైపే. చలికాలం వస్తోంది. ఏమైనా చెయ్యగలరా, లేదా? చెయ్యలేనంటే ఇంక దాన్ని మర్చిపోతాను."

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. గోడ మీంచి బాబాయి తల లేచింది. డాక్టరు వెనక నిలబడ్డ భార్య వేలు పెదవుల మీద పెట్టుకుని మాస్టరు వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుతోంది. నోరు మూసుకుని పని ఒప్పుకో, ఈ పూటే కత్తెర నీ చేతిలో పెడతా, అని ఆ చూపుకి అర్థం. రెండో చెయ్యి అప్పటికే మెడలో గొలుసు మీద ఉంది.

మాస్టరు సంచి వంక చూశాడు. డాక్టరు మొహం వంక చూశాడు. ఊరుకుందామనే అనుకున్నాడు. గుండీల డబ్బా దగ్గరికి లాక్కుని సర్దడం మొదలెట్టాడు. కాని ఈ మనిషి ఇవాళ వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడొస్తాడు? పోతే పోయింది కత్తెర, అనుకుని లేచి నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, మీకో మాట చెప్పాలి. ఆ రోజు మీరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ తిరగబడేవాణ్ని, ఆ కోపంతో పోయి ఇంకో సీసా తాగేవాణ్ని, తప్పు మీదే అనుకునేవాణ్ని. మీరు ముందు కాలరు మడిచారు. తర్వాత వీపు ముక్క. చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద చేత్తో ఒకసారి రాశారు. అప్పుడు దిగింది నా మత్తు. పోట్లాడ్డానికి నాకు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకు థాంక్స్."

"అయ్యో అయ్యో, మళ్లీ పడింది!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. "చెప్పానా! నే చెప్పానా!" అన్నాడు గోడ మీంచి బాబాయి. భార్య చెయ్యి గొలుసు మీంచి జారిపోయింది.

డాక్టరు తెల్లబోయాడు. అందరూ ఒక్కసారే మాట్లాడి సంగతి చెప్పారు. థాంక్స్ చెబుతున్నాడంటే తాగాడన్నట్టేనని విన్నాక ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"రోజంతా జనం నోళ్లలో తల పెట్టి బతికేవాణ్ని. ఎవరు ఎప్పుడు ఏం తాగారో నాకు తెలియకుండా ఉంటుందా? మాస్టరుగారూ, ఇలా వెలుతురులోకి రండి. పెద్దగా తెరవండి. ఆఁ అనండి."

"ఆఁ" అన్నాడు మాస్టరు. డాక్టరు వంగాడు, వాసన చూశాడు, జేబులోంచి చిన్న టార్చి తీసి ఇటూ అటూ వేశాడు. బాబాయి గోడ దిగి లోపలికే వచ్చేశాడు.

"మందు లేదు" అన్నాడు డాక్టరు. "చుక్క లేదు. కింద కుడివైపు దవడపన్ను మాత్రం పుచ్చిపోయింది. రేపు వచ్చి చూపించుకోండి."

"అదా!" అంది అత్తగారు. "ఆ పుచ్చే నాకు ఉల్లిపాయలా తగిలింది! నా ముక్కు ఎక్కడికి పోతుంది?"

అందరూ పగలబడి నవ్వారు. బాబాయి నవ్వుతూనే తలవంచుకుని, "వానకి గుడ్డలు తీసినందుకేనా ఆ రోజు అన్నది! నేనో వెధవని" అన్నాడు. భార్య మాత్రం నవ్వలేదు. మాస్టరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాలరు ముందా, వీపు ముక్క ముందా?"

"కాలరు" అన్నాడు మాస్టరు.

"తాగినప్పుడు నన్ను దేవత అన్నావు, తల్లి అన్నావు, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటానన్నావు. దేనికో ఒక్కనాడూ చెప్పలేదు. నేను ఒకసారి అడిగాను కూడా, గుర్తుందా? దేనికయ్యా, అని. అన్నిటికీ అన్నావు. తాగినవాడు ఇలా మాట్లాడడు. ఆ మాట నాకు తెలిసుండాల్సింది."

గొలుసు మెడలోంచి తీసింది. లోపలికి వెళ్లింది. పెట్టె మూత లేచిన చప్పుడు వినిపించింది. మెత్తటి గుడ్డలో చుట్టిన కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టింది.

మాస్టరు గుడ్డ విప్పాడు. ఇన్నాళ్లు మూలపడ్డ ఇనుము కదా, తుప్పు పట్టి, కీలు బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాడు. కత్తెర మిలమిల మెరుస్తోంది. వేళ్లు దూర్చి తెరిస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. మిషన్ నూనె వాసన గుప్పుమంది. ఆ వాసన పట్టడానికి అత్తగారి ముక్కు అక్కర్లేదు. ఎన్ని డబ్బాల నూనె తెచ్చి ఇచ్చాడో, అది ఎక్కడికి పోయిందో, అప్పుడు అర్థమైంది ఆయనకి. కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

ముందు డాక్టరుకి జవాబు చెప్పాలి కదా. సంచిలోంచి ముక్కలు తీసి బల్ల మీద పరిచాడు. "డాక్టరుగారూ, దీన్ని చేతుల్లేని కోటు చేస్తాను. చొక్కా మీద వేసుకోవచ్చు, వెచ్చగా ఉంటుంది. చంకల దగ్గర లోపలికి తీస్తాను, పొడవు తగ్గిస్తాను. ఆ రెండు ఎడమ చేతుల్లోంచీ మంచి జేబులొస్తాయి. మీ నాన్నగారి గుడ్డ పెద్ద ముక్కేదీ వృథా పోదు."

డాక్టరు ఆ రెండు చేతుల మీద ఇంకోసారి చేత్తో రాసి, "కానివ్వండి" అన్నాడు.

మాస్టరు ముక్కని మడతేశాడు. రెండు పొరలూ సరిగ్గా కలిశాయో లేదో అంచు పట్టుకుని రెండుసార్లు చూసుకున్నాడు. సుద్దతో గీత గీశాడు. కత్తెర ఎత్తి, ఆగి, మిషన్ దగ్గర కూర్చోబోతున్న భార్య వంక తిరిగాడు.

"ఏమే, నన్ను చూస్తే నమ్మకం లేని రోజుల్లో కూడా నువ్వు దీన్ని తుప్పు పట్టనివ్వలేదు. మళ్లీ నా చేతికి వస్తుందని అనుకోకపోతే ఎవరూ నూనె రాయరు. అందుకు థాంక్స్."

ఆవిడ దారం ఎక్కిస్తున్నట్టు సూది మీదికి వంగింది గాని, సూదిలో దారం అప్పటికే ఉంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అలవాటు ఎక్కడికి పోతుంది? థాంక్స్ అన్న మాట చెవిన పడగానే అత్తగారు గుమ్మం దగ్గర్నించి లేచి, గోడ పట్టుకుని, ముక్కు ముందుకు చాచి బయల్దేరింది. "అల్లుడుగారూ, ఒక్కసారి ఇటు ఊపిరి..."

"కూర్చోమ్మా" అంది కూతురు. "ఇంక వాసన చూడక్కర్లేదు."